పురి

తిరుగుతున్న దాన్ని కొలవడమంటే
పరుగెత్తే గుర్రానికి నాడి చూడటం.
అది ఆగదు. ఆగితే కొలవడానికేమీ ఉండదు.

ఫిబ్రవరి. హెల్తెర్మా రేవు.
వైనమెరి సముద్రం మీద మంచు మూరెడు మందం.
దీవికి పాలూ ఉత్తరాలూ శవపేటికలూ మోసే ఫెర్రీ
నా కోసం మూడు గంటలు ఆగింది.

నా పేరు వైకే. మా భాషలో నిశ్శబ్దమని.
ఇంజిన్ గదిలో అంతకన్నా పనికిరాని పేరు లేదు.
ఎండెల్ నన్ను "ఏయ్, జిగురుపిల్లా" అన్నాడు.
ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ గేర్‌బాక్స్‌కి కాపలా,
ఒక చెవి దానికే ఇచ్చేశాడు.

షాఫ్టు మీద అరచేతి మేర రంగు గీకాను.
గరుకు కాగితంతో రుద్ది,
దూది తెల్లగా వచ్చేదాకా స్పిరిట్‌తో తుడిచి,
నలభై ఐదు డిగ్రీల వాలులో
గోరంత రేకు అతికించి
బొటనవేలితో నిమిషంసేపు అదిమిపట్టాను,
నెత్తురు ఆపేటప్పుడు పట్టినట్టు.

"ఇదేం చెబుతుంది?"
ఇనుము ఎంత మెలితిరిగిందో.
"ఇనుము తిరుగుతుంది. మెలితిరగదు."
తిరుగుతుంది ఎండెల్, వెంట్రుకవాసి కన్నా తక్కువ.
ఇంజిన్ ముందుకు తోస్తుంది, నీళ్ళు వెనక్కి పట్టుకుంటాయి,
మధ్యలో ఉన్నదానికి తాడులా పురి ఎక్కుతుంది.
ఆ పురికి రేకు తనూ సాగి
రేడియోలో నాకు చెబుతుంది.
తిరిగేవాటికి తీగలు కట్టలేం, చుట్టుకుపోతాయి.

ముందు సున్నా కావాలి.
ఆపేస్తే సున్నా అనుకుంటారు. కాదు.
ఆగిన షాఫ్టు కూడా బేరింగుల పట్టులో
నిన్నటి పురి కొంత దాచుకునే ఉంటుంది.
మెల్లగా ఓసారి ఇటు తిప్పి, ఓసారి అటు తిప్పి,
రెండు అంకెల నడుమ
ఏమీ లేనితనాన్ని వెతుక్కోవాలి.
లివర్ దగ్గర ఎండెల్ నవ్వాడు:
"ఏమీ లేదని తెలుసుకోడానికే ఇంత పనా!"

బయల్దేరాం.
తెర మీద గీత మొదట పడుకున్న పిల్లి వీపు.
తర్వాత మంచు.
ప్రొపెల్లర్ రెక్క కింద పలక నలిగిన ప్రతిసారీ
గీత ఎగిరి పడుతుంది.
ఆ దెబ్బని గేర్‌బాక్స్ లోపల ఉక్కు పళ్ళు
పంటి బిగువున భరిస్తాయి.
ఆ మాట మనుషుల కోసం పుట్టింది కానీ
వాటికే సరిపోయింది.

ఎండెల్ తెర చూడడు. "ఇప్పుడు" అంటాడు,
గీత ఒక క్షణం తర్వాత లేస్తుంది.
"ఇప్పుడు." మళ్ళీ లేస్తుంది.
ముందు కొసన మంచు పగలడం అరికాళ్ళతో వింటాడట.
నా సెన్సర్‌కి అరికాళ్ళు లేవు.
ఒప్పుకున్నాను.

పగలగొట్టిన దారిలో పడ్డాక గీత సద్దుమణిగింది.
పూర్తిగా కాదు.
సన్నగా, అచ్చుగుద్దినట్టు ఒకే ఎడంలో, చిన్న పల్లం.
మళ్ళీ. మళ్ళీ.
షాఫ్టు ఒక చుట్టుకి నాలుగు పల్లాలు, ఇంకాస్త.
ఇంజిన్ వైపు చిన్న పళ్ళచక్రం తిరిగే లెక్క అదే.
ఒక పన్ను పోతోంది.
ఎన్నాళ్ళుగా అని అడగబోయి
అతని ముఖం చూసి ఆగాను.

చేతితొడుగు తీశాడు.
గేర్‌బాక్స్ మీద అరచెయ్యి ఆనించి
చాలాసేపు ఉంచాడు.
"రెండు చలికాలాలుగా ఉంది ఈ వణుకు.
నా చెయ్యి అనుకున్నాను.
డాక్టరు మాత్రలు కూడా రాశాడు.
లెయిదాకి చెప్పలేదు. కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంటే
చలికనుకుంటుంది."

తర్వాత, నాకు వినబడదనుకుని,
ఇనుముతో అన్నాడు: "నీదా."
ఇంకోసారి, ఇంకా మెల్లగా: "నీదా ఇది."

రోహుక్యుల దీపాలు కనబడ్డాయి.
చక్రం మార్చేదాకా సగం భారం దాటొద్దని రాశాను.
అతను సంతకం పెట్టాడు.
కలం కొంచెం వణికింది.
ఇంజిన్ అప్పటికే ఆపేశారు.

నేను లాప్‌టాప్ మూసేశాను.